కోయకుండా, తవ్వకుండా: అడవి గ్లాడియోలస్‌కు వర్ణన రాయడం ఎలా?

గుడిమల్కాపూర్ పూలమార్కెట్‌కి వెళ్లినవాళ్లకి గ్లాడియోలస్ కొత్త కాదు. బకెట్లలో నిలబెట్టి కట్టలుగా అమ్ముతారు. రిసెప్షన్ స్టేజీ మీద వరసగా నిలబడి ఫొటోల్లో పడేది ఆ పువ్వే. దానికి ఓ అడవి చుట్టం ఉంది. ఇంగ్లండ్ దక్షిణాన న్యూఫారెస్ట్‌లో, బ్రాకెన్ అనే ఫెర్న్ పొదల నీడలో, ఎక్కువగా మోకాలి ఎత్తు కూడా దాటకుండా పూస్తుంది. శాస్త్రీయనామం గ్లాడియోలస్ ఇల్లిరికస్. ఐరోపా పడమర, దక్షిణ దేశాల్లో అక్కడక్కడా ఉన్నా బ్రిటన్‌లో మాత్రం చాలా అరుదు. ఆ దేశంలో సహజంగా పెరిగే గ్లాడియోలస్ ఇదొక్కటే. న్యూఫారెస్ట్‌లో దీన్ని మొదట గుర్తించింది 1856లో.

నేను మొదటిసారి దాన్ని చూసిన రోజు నలభై ఫొటోలు తీశాను. అన్నీ పువ్వుకి ఎదురుగా నిలబడి తీసినవే, పెళ్లికూతురికి తీసినట్టు. ఇంటికొచ్చి మొక్కల గురించి బాగా తెలిసిన ఒక పెద్దాయనకి పంపితే ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న: ‘పరాగకోశం పొడవా, కేసరదండం పొడవా?’ అంటే పుప్పొడి సంచి పొడవా, దాన్ని మోసే సన్నని కాడ పొడవా అని. నలభై ఫొటోల్లో ఒక్కటీ దానికి జవాబు చెప్పలేదు. మళ్లీ వెళ్లేసరికి పూలు రాలిపోయాయి. ఆ మాట కోసం ఏడాది ఆగాల్సి వచ్చింది.

అందుకే ఈ మార్గదర్శి. ఇంటర్ బైపీసీలో ఫాబేసీ, సోలనేసీ, లిలియేసీ వర్ణనలు బట్టీ పట్టినవాళ్లకి సగం పదాలు ఇప్పటికే వచ్చు. మిగతా సగం మొక్క ముందు మోకాళ్ల మీద కూర్చుంటే వస్తాయి.

ముందు ఇంట్లో ఒక కాడ కోసి చూడండి

అడవిలో ఈ మొక్కని కోయకూడదు. కాబట్టి కోసి నేర్చుకునే పని ఇంట్లోనే పూర్తిచేసుకోవాలి. మార్కెట్లో ఒక గ్లాడియోలస్ కాడ కొనండి. లండన్‌లో ఉన్నా లింగంపల్లిలో ఉన్నా దొరుకుతుంది. అమ్మే రకాలు ప్రధానంగా దక్షిణాఫ్రికా జాతుల్ని కలిపి పుట్టించిన సంకరాలు. పువ్వు సైజు వేరు, రంగులు వేరు. కట్టుబడి మాత్రం అదే. ఈ ప్రజాతిలో 250కి పైగా జాతులున్నాయి, అత్యధికం ఆఫ్రికాలోనే. అన్నిటికీ ఒకటే నమూనా.

ఒక తెల్ల కాగితం, కొత్త బ్లేడు, పది రెట్లు పెద్దగా చూపించే చేతి లెన్సు పెట్టుకుని కూర్చోండి.

ముందుగా గమనించాల్సింది పువ్వుకి కాడ లేకపోవడం. పువ్వు నేరుగా కంకి ఇరుసుకే అంటుకుని ఉంటుంది. అందుకే దీన్ని కంకి అంటాం. పువ్వు మొదట్లో రెండు ఆకుపచ్చ తొడుగులుంటాయి. బయట ఉన్న పెద్దది పుచ్ఛం. లోపల పువ్వుకీ ఇరుసుకీ మధ్య ఇరుక్కున్నది లఘుపుచ్ఛం. దాని కొన తరచూ రెండుగా చీలి ఉంటుంది. రెండింటినీ గోటితో మెల్లగా విప్పితే అడుగున చిన్న ఆకుపచ్చ బుడిపె కనిపిస్తుంది. అదే అండాశయం. పువ్వు రంగు రేకులన్నీ దాని పైనుంచి బయలుదేరతాయి. అంటే ఇది నిమ్న అండాశయం. లిలియేసీలో ఊర్ధ్వ అండాశయం, ఆరు కేసరాలు అని చదివాం కదా. ఇక్కడ అండాశయం కిందికి దిగింది, కేసరాలు మూడే మిగిలాయి. ఈ రెండు తేడాలు చాలు, మొక్క ఐరిడేసీ కుటుంబంలోకి వచ్చిపడుతుంది. కుంకుమపువ్వుదీ ఇదే కుటుంబం.

అండాశయాన్ని అడ్డంగా కోస్తే మూడు గదులు, మధ్య స్తంభానికి అంటుకున్న అండాలు కనిపిస్తాయి. త్రిబిలయుతం, స్తంభీయ అండన్యాసం. ఈ మాటల్ని పరీక్ష కోసం రాసిన రోజుల్లో ఎవరూ అండాశయం కోసి చూపించలేదు. నా బోటి చాలామంది పరిస్థితి ఇదే అనుకుంటా.

ఇప్పుడు అసలు పని. రేకులు ఆరు. వాటికి రక్షక పత్రాలు, ఆకర్షణ పత్రాలు అన్న తేడా లేదు కనక పరిపత్రం అంటాం. కింద ఆరూ కలిసి గొట్టం అవుతాయి. ఆ గొట్టాన్ని బ్లేడుతో నిలువుగా చీల్చి చాపలా పరవండి. కేసరదండాలు గొట్టం లోపలి గోడకి అతుక్కుని, ఒకచోట నుంచి విడిపోయి పైకి వస్తాయి. విడిపోయిన చోటు నుంచి పరాగకోశం అంటుకున్న చోటు దాకా ఉన్నదే కొలవాల్సిన కేసరదండం పొడవు. దాని పక్కన పరాగకోశం పొడవు రాయండి. ఇవి రెండూ మి.మీ.లలో కొలిచి పక్కపక్కన పెట్టే అలవాటు ఇంట్లోనే అవ్వాలి. అడవిలో గొట్టం చీల్చే వీలుండదు. బయటికి ఎంత కనిపిస్తోందో, లోపల ఎంత దాగిందో చెప్పే అంచనా ఈ కోతతోనే వస్తుంది.

రెండు మూడు పువ్వులు ఇలా కోశాక ఇంకో పువ్వుని కోయకుండా, పక్కనుంచి మాత్రమే చూస్తూ అదే కొలత తీయండి. తరవాత కోసి సరిచూసుకోండి. నాకు మొదట్లో మూడు నాలుగు మి.మీ. తేడా వచ్చేది.

చట్టం సంగతి

బ్రిటన్‌లో 1981 నాటి వన్యప్రాణి, గ్రామీణ ప్రాంత చట్టం ఎనిమిదో షెడ్యూల్లో ఈ మొక్క ఉంది. దీన్ని పీకడమే కాదు, ఒక పువ్వు కోయడం కూడా నేరమే. భూమి యజమాని అనుమతి లేకుండా పీకడం ఏ అడవి మొక్క విషయంలోనైనా తప్పే. షెడ్యూల్లో ఉన్నవాటికి కోయడం కూడా నిషేధం. ఐరోపా ప్రధాన భూభాగంలో దీని దగ్గరి బంధువు గ్లాడియోలస్ పాలుస్ట్రిస్‌కి యూరోపియన్ యూనియన్ ఆవాసాల ఆదేశం కింద ఇలాంటి రక్షణే ఉంది.

చట్టం లేకపోయినా తవ్వకూడదనడానికి మొక్కలోనే కారణం ఉంది. నేల కింద ఉన్నది కందం, అంటే గట్టి దుంప. ప్రతి ఏడాదీ పాత కందం మీద కొత్త కందం తయారవుతుంది, పాతది ఎండి అడుగున మిగులుతుంది. పువ్వు పూసే వేళకి మొక్క వచ్చే ఏడాది కందాన్ని నింపుకునే పనిలో ఉంటుంది. అప్పుడు కదిపితే పోయేది ఈ ఏటి పువ్వు కాదు, వచ్చే ఏటి మొక్క.

ఎప్పుడు వెళ్లాలి, ఎలా వెతకాలి

జూన్ చివరి వారం నుంచి జూలై మధ్య దాకా. లండన్ వాటర్లూ నుంచి బ్రాకెన్‌హర్స్ట్‌కి రైల్లో గంటన్నర ప్రయాణం. సౌతాంప్టన్‌లో ఉండే మనవాళ్లకైతే ఇంకా దగ్గర. అక్కణ్ణుంచి ఎక్కడ అన్నది మాత్రం నేను రాయను. ఎందుకో చివర్లో చెబుతాను.

దుస్తుల విషయం తేలిగ్గా తీసుకోవద్దు. బ్రాకెన్ పొదల్లో పిడుదులు ఎక్కువ. లైమ్ వ్యాధిని మోసుకొచ్చేవి అవే. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దూర్చండి. ఇంటికొచ్చాక మోకాలి వెనక, నడుము చుట్టూ వెతుక్కోండి.

న్యూఫారెస్ట్ అన్న పేరే గానీ అంతా అడవి కాదు, పచ్చిక, పొదల మైదానాలు కూడా చాలా ఉన్నాయి. చుట్టుపక్కల ఊళ్లవాళ్ల గుర్రాలు, పశువులు శతాబ్దాలుగా అక్కడ స్వేచ్ఛగా మేస్తున్నాయి. ఇక్కడే ఈ మొక్క తెలివి కనిపిస్తుంది. పచ్చికలో మొలిస్తే గుర్రం నోట పడుతుంది. బ్రాకెన్ జోలికి గుర్రాలు పెద్దగా పోవు. కాబట్టి బ్రాకెన్ గొడుగు కింద మొలిచినవే కంకి దాకా మిగులుతాయి. అలాగని బ్రాకెన్ మరీ దట్టమైతే వెలుగందక పూయదు. అంచుల్లో, పల్చగా ఉన్నచోట వెతకాలి.

నిలబడి చూస్తే కనిపించదు. పొలంలో కలుపు తీసేవాళ్లలా వంగి, ఫెర్న్ ఆకుల కింద నుంచి చూపు సారించండి. ముదురు గులాబీ రంగు చుక్క ఒకటి కనబడితే అక్కడే ఆగిపోండి. అడుగు ముందుకు వెయ్యకుండా కాళ్ల చుట్టూ చూడండి. పూయని చిన్న మొక్కలకి ఒకటే సన్నని ఆకు ఉంటుంది, అచ్చం గడ్డిలాగే. ఒక పువ్వు ఫొటో కోసం నాలుగు మొక్కల్ని తొక్కేవాళ్లని చూశాను. మొదటి ఏడాది వాళ్లలో నేనూ ఉండి ఉంటాను.

సరంజామా

మి.మీ. గీతలున్న పొట్టి స్కేలు, లెన్సు, పెన్సిలు, వానకి తడవని నోటుబుక్కు, నాలుగు పళ్లపుల్లలు, ఒక నల్ల గుడ్డముక్క. పెన్ను వద్దు, వాన పడితే అక్షరాలు కరిగిపోతాయి. నల్ల గుడ్డ పువ్వు వెనక పట్టుకోవడానికి. ఫెర్న్ ఆకుల గందరగోళంలో కెమెరా ఎటో ఫోకస్ అయిపోతుంది.

కింది నుంచి పైకి రాయండి

వర్ణనకి ఒక వరస ఉంటుంది, దాన్ని తప్పొద్దు. కందం, కాండం, ఆకు, కంకి, పుచ్ఛాలు, పరిపత్రం, కేసరాలు, కీలం, అండాశయం, గుళిక (ఎండి పగిలే కాయ), గింజ. మొక్కని కింది నుంచి పైకి, పువ్వుని బయటి నుంచి లోపలికి. కళ్లు ఎటూ పువ్వు మీదకే పోతాయి. చెయ్యి మాత్రం ఈ వరసలోనే రాయాలి. లేకపోతే పుచ్ఛాల కొలత మర్చిపోతారు. నూటికి తొంభైమంది మర్చిపోయేది అదే.

కందం దగ్గర ఏం రాయాలి? ‘చూడలేదు’ అని రాయండి. సిగ్గుపడక్కర్లేదు. వేరే పుస్తకంలోంచి తెచ్చి మీరు చూసినట్టు రాయడమే సిగ్గుపడాల్సిన పని. కందం మీది నారపొర కొన్ని జాతుల్ని విడదీయడానికి కీలకం, నిజమే. పాలుస్ట్రిస్‌లో ఆ నారలు మందంగా, పైభాగంలో వలలా అల్లుకుని ఉంటాయి. దాన్ని చూడాలనుకుంటే లండన్‌లోని క్యూ ఉద్యానవనం హెర్బేరియంలాంటి చోట్ల ఎప్పుడో ఎండబెట్టి దాచిన నమూనాలున్నాయి. చాలావాటి ఫొటోలు ఇంటర్నెట్లోనే దొరుకుతాయి. అవి చూసి రాస్తే ‘హెర్బేరియం నమూనా ప్రకారం’ అని విడిగా రాయాలి.

కాండం ఎత్తు నేల నుంచి కంకి కొస దాకా. ఇల్లిరికస్‌లో సాధారణంగా 25 నుంచి 50 సెం.మీ.

ఆకుల గురించి ‘పొడవుగా, కత్తిలా ఉన్నాయి’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. గ్లాడియోలస్ అన్న పేరుకే లాటిన్‌లో చిన్న కత్తి అని అర్థం. ఆ సంగతి పేరే చెప్పేసింది. ఎన్ని ఆకులు, అన్నిటికన్నా పెద్దదాని పొడవెంత, మధ్యలో వెడల్పెంత? ఈ జాతిలో ఆకులు సుమారు 10–40 సెం.మీ. పొడవు, 4–10 మి.మీ. వెడల్పు. అడుగున ఒక ఆకు ఇంకో ఆకుని రెండు వైపులా కౌగిలించుకున్నట్టు రెండు వరసల్లో అమరి ఉంటాయి. ఆకుకి పైముఖం, కింది ముఖం అన్న తేడా ఉండదు. రెండు పక్కలూ ఒకేలా ఉంటాయి. వేళ్ల మధ్య పెట్టి నిమిరితే తెలిసిపోతుంది.

కంకిలో పూలెన్నో లెక్కపెట్టండి. మొగ్గల్ని, రాలినవాటి పుచ్ఛాల్ని కలిపి లెక్కపెట్టాలి. మూడు నుంచి ఎనిమిది, ఎప్పుడైనా పది దాకా. పూలన్నీ ఒకేవైపుకి తిరిగి ఉన్నాయా, రెండు వరసలుగా అటూ ఇటూ ఉన్నాయా అన్నది కూడా రాయండి. ఇరుసు తిన్నగా ఉందా, మెలికలు తిరిగిందా? పూలన్నీ ఒకేసారి విచ్చుకోవు, కింది నుంచి పైకి పోతాయి. కాబట్టి ఏ పువ్వుని కొలిచారో, కింది నుంచి రెండోదో మూడోదో, అది కూడా నోటుబుక్కులో ఉండాలి. పై పువ్వులు చిన్నవిగా ఉంటాయి.

రంగు దగ్గర అందరూ తడబడతారు. కెమెరా ఈ రంగుని ఒకసారి నీలంగా, ఒకసారి ఎర్రగా చూపిస్తుంది. ‘గులాబీ’ అంటే దేశీ గులాబీయా, పన్నీరు గులాబీయా? నాకైతే చీరల షాపులో ‘రాణీ కలర్’ అనే మాట దీనికి అతికినట్టు సరిపోతుంది, అందులో ఒక చుక్క నేరేడు రసం కలిపితే. మన నోటుబుక్కులో అలా రాసుకోవచ్చు. పక్కనే రాయల్ హార్టికల్చరల్ సొసైటీ రంగుల పట్టిక సంఖ్య రాస్తే ప్రపంచంలో ఎవరికైనా అర్థమవుతుంది. ఆ పట్టిక ఖరీదెక్కువ. ఏదైనా లైబ్రరీలోనో సంఘం దగ్గరో చూడటానికి దొరుకుతుందేమో అడగండి. నీడలో చూసి రాయండి, ఎండలో వద్దు. కింది రేకుల మీద తెల్లటి ఈటెమొనలాంటి మచ్చ, దాని చుట్టూ ముదురు అంచు ఉంటాయి. అవి పురుగుకి దారి చూపే గుర్తులు. మచ్చ ఎన్ని రేకుల మీదుందో, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో బొమ్మ గీయండి. బొమ్మ వంకరగా వచ్చినా పరవాలేదు.

మోకాళ్ల మీద గడపాల్సిన పది నిమిషాలు

ఇప్పుడు పెద్దాయన అడిగిన ప్రశ్న. పువ్వుకి ఎదురుగా కాదు, పక్కకి రండి. గడ్డం నేలకి ఆనేంత కిందికి. పై రేకు గొడుగులా ముందుకి వంగి ఉంటుంది. దాని కింద మూడు కేసరాలూ ఒకేవైపుకి చేరి, విల్లులా వంగి, పక్కపక్కన నిలబడి ఉంటాయి. పళ్లపుల్లతో పై రేకుని వెంట్రుకవాసి పైకెత్తండి. ఊపిరి బిగబట్టక తప్పదు, గాలి కూడా సహకరించాలి. రెండో చేత్తో స్కేలు దగ్గరకి తెచ్చి, పువ్వుకి తగలకుండా, ముందు ఒక పరాగకోశం పొడవు చూడండి. తరవాత గొట్టం నోటి దగ్గర నుంచి పరాగకోశం దాకా బయటికి కనిపిస్తున్న దండం పొడవు.

ఇల్లిరికస్‌లో పరాగకోశం కేసరదండం కంటే పొట్టి. మధ్యధరా పొలాల్లో కలుపుగా పెరిగే గ్లాడియోలస్ ఇటాలికస్‌లో పరాగకోశమే పొడుగు, లేదా రెండూ ఇంచుమించు సమానం. చిన్న తర్కం గుర్తుపెట్టుకోండి. బయటికి కనిపించే దండమే పరాగకోశాన్ని మించితే లోపల ఎంత దాగినా మీ జవాబు మారదు, ‘దండం పొడవు’ అని ధీమాగా రాయొచ్చు. కనిపించే దండం పొట్టిగా ఉంటే మాత్రం తొందరపడొద్దు, మిగతా ముక్క గొట్టంలో ఉంది. ‘బయటి భాగం 8 మి.మీ., పూర్తి పొడవు తెలియలేదు’ అని రాసి వదిలేయండి. ఎండకి గొట్టం పలచగా కనిపిస్తే లోపల దండం విడిపోయిన చోటు నీడలా తెలుస్తుంది. అది అదృష్టం ఉన్నరోజు.

పగిలిన పరాగకోశం ముడుచుకుంటుంది, అందుకని ఇంకా పగలనిదాన్నే కొలవండి. ఈ పూలల్లో కేసరాలు ముందు పక్వానికి వస్తాయి, పుప్పొడిని అందుకునే కీలాగ్రాలు ఆ తరవాత. పుస్తకంలో పుంభాగ ప్రథమోత్పత్తి అని చదివింది ఇదే. ఒకే కంకిలో కింది పువ్వు కీలాగ్రాలు మూడుగా విచ్చుకుని పుప్పొడి కోసం చూస్తుంటాయి. పై పువ్వు ఇంకా పుప్పొడి రాలుస్తూ ఉంటుంది. రెండు దశల్నీ విడివిడిగా రాయండి. కీలాగ్రం శాఖల కొసలు వెడల్పవుతాయి, లెన్సుతో చూడండి.

ఫొటోలు ఇప్పుడు తీసుకోండి: పక్కనుంచి ఒకటి, స్కేలుతో ఒకటి, పుచ్ఛాలవి, ఆకు మొదలు, మొత్తం మొక్క, చుట్టూ ఉన్న చోటు. ఎదురుగా ఒకటి చాలు.

ఒక్క మొక్కని కొలిచి జాతి వర్ణన రాయకండి. పది మొక్కలైతే మంచిది. అందులో పెద్దవి, అందమైనవి ఏరుకోవద్దు. దారిలో మూడో మొక్కకోసారి అని నియమం పెట్టుకోండి. కొలతల్ని వృక్షశాస్త్రం వాళ్లు రాసే పద్ధతి ఒకటుంది: ‘పూలు (2–)3–8(–10)’. సాధారణంగా 3 నుంచి 8, అరుదుగా 2 దాకా తగ్గొచ్చు, 10 దాకా పెరగొచ్చు అని దాని అర్థం. కుండలీకరణాల్లో పడేవి అరుదైన కొలతలు.

పోలికలున్న బంధువులు

బ్రిటన్‌లో ఎక్కువగా పొరబడేది తోటల నుంచి తప్పించుకున్న బైజాంటినస్‌తో. గ్లాడియోలస్ కమ్యూనిస్‌కి ఉపజాతిగా దాన్ని చాలామంది లెక్కేస్తారు. కార్న్‌వాల్ వైపు, సిల్లీ ద్వీపాల్లో పొలాల గట్ల మీద కనిపిస్తుంది. ద్వీపాలవాళ్లు దాన్ని విజిలింగ్ జాక్స్ అంటారు. ఇక్కడ పరాగకోశం కొలత మిమ్మల్ని ఆదుకోదు. దానిలోనూ పరాగకోశం దండం కంటే పొట్టే. చూడాల్సింది ఎత్తు, పూల సంఖ్య, ఆకు వెడల్పు. అది మీటరు దాకా లేస్తుంది, కంకికి పది నుంచి ఇరవై పూలు, పువ్వు పెద్దది, ఆకు వెడల్పు. పూత కూడా ముందే వస్తుంది. గట్టు మీద నిటారుగా, దూరం నుంచే కనిపించేలా ఉంటే అది మన మొక్క కాదని ముందే అనుమానించండి.

ఇటాలికస్‌కీ దీనికీ పరాగకోశం ఒక తేడా, గింజ రెండో తేడా. ఆ సంగతి తరవాత వస్తుంది. ఇల్లిరికస్, కమ్యూనిస్‌ల మధ్య గీత ఎక్కడ గీయాలన్నదాని మీద పండితులకే ఏకాభిప్రాయం లేదు. క్రోమోజోముల సంఖ్యలు రెట్టింపులవుతూ పోయే గుంపు ఇది. కాబట్టి మీ నోటుబుక్కులో ముందు కొలతలుండాలి, పేరు తరవాత.

నోటుబుక్కు నుంచి వర్ణనకి

ఇంటికొచ్చిన రోజే రాయండి. ఆదివారం రాద్దామనుకుంటే మి.మీ.లు గుర్తుంటాయి గానీ ఏ మొక్కవో గుర్తుండదు. వర్ణనలో క్రియాపదాలు దాదాపు ఉండవు, పొగడ్త అసలుండదు. నమూనా ఇది:

‘గ్లాడియోలస్ ఇల్లిరికస్ కోఖ్. బహువార్షిక గుల్మం. కందం: చూడలేదు. కాండం నిటారు, శాఖారహితం, 25–50 సెం.మీ. ఆకులు ఖడ్గాకారం, రెండు వరసలు, నున్నన, 10–40 సెం.మీ. × 4–10 మి.మీ. పుష్పవిన్యాసం కంకి, పూలు 3–8(–10), వృంతరహితం. పుచ్ఛం ఆకుపచ్చ, లఘుపుచ్ఛం కంటే పెద్దది. పరిపత్రం ముదురు గులాబీ-ఊదా, పాక్షిక సౌష్ఠవం. గొట్టం కొద్దిగా వంపు. పత్రాలు 6, 2.5–4 సెం.మీ.; కింది పత్రాల మీద ముదురు అంచుగల తెల్లటి మచ్చ. కేసరాలు 3, ఏకపార్శ్వం; పరాగకోశం కేసరదండం కంటే పొట్టి. అండాశయం నిమ్నం, కీలశాఖలు 3, కొనలు వెడల్పు. గుళిక, గింజ: చూడాలి.’

ఇందులో నేనిచ్చిన కొలతలు ఐరోపా వృక్షగ్రంథాల్లో కనిపించే పరిధులు. మీ వర్ణనలో మీ పది మొక్కల కొలతలే ఉండాలి. పరిధి బయట ఏదైనా వస్తే దిద్దుకోకండి, అలాగే ఉంచండి. అసలు వర్ణనకి విలువ అక్కడే.

‘అండాశయం అడ్డుకోతలో మూడు గదులు’ అన్న మాట ఈ నమూనాలో లేదు, గమనించారా? మార్కెట్ కాడలో చూశాం, దీనిలో చూడలేదు. రాయాలని చెయ్యి దురద పెడుతుంది, ఆపుకోండి.

వర్ణన తెలుగులో రాస్తే చెల్లుతుందా అని ఒకరు అడిగారు. కొత్త జాతికి పేరు పెట్టేటప్పుడే భాష నియమం ఉంటుంది. 1935 నుంచి లాటిన్ తప్పనిసరి. 2012 జనవరి 1 నుంచి లాటిన్ లేదా ఇంగ్లిషు ఏదైనా సరే. మనం కొత్త పేరు పెట్టడం లేదు. ఎప్పుడో పేరున్న మొక్కని, ఏడ్రియాటిక్ సముద్రం తూర్పు తీరాన పూర్వం ఉన్న ఇల్లిరియా అనే ప్రాంతం పేరుతో పిలిచే మొక్కని, మన భాషలో వర్ణిస్తున్నాం. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

వర్ణన కింద ఆవాసం గురించి నాలుగు వాక్యాలు చేర్చండి. వాలు ఎటువైపు, బ్రాకెన్ ఎత్తెంత, పైన చెట్ల నీడ ఉందా, చుట్టూ ఏ మొక్కలు. గోర్స్, హెదర్, టార్మెంటిల్ లాంటివి ఎంత దూరంలో మొదలయ్యాయో చూడండి. పూసిన కాడలెన్ని, కొరికేసిన కాడలెన్ని, పూయని ఒంటి ఆకులెన్ని, మూడూ వేర్వేరుగా లెక్కపెట్టండి. ఒక్క మొత్తం సంఖ్యగా రాస్తే ఆ ఏడాది గుర్రాలు తిన్నాయో, మొక్కే తగ్గిందో వచ్చే ఏడాది ఎవరికీ అర్థం కాదు.

రెండోసారి వెళ్లాలి, గింజ కోసం

చాలామంది ఈ ప్రయాణం చెయ్యరు. పువ్వు లేదు కనక ఉత్సాహం ఉండదు. ఆగస్టు చివర, సెప్టెంబరులో వెళ్తే బ్రాకెన్ గోధుమరంగులోకి తిరుగుతూ ఉంటుంది. పువ్వున్న చోటు గుర్తు లేకపోతే కాడ దొరకడం కష్టం. అందుకే జూలైలోనే పక్కనున్న చెట్టు మొద్దునో రాయినో ఆనవాలుగా రాసుకోవాలి. కర్రలు పాతడం, రిబ్బన్లు కట్టడం చెయ్యకండి. అది వేరేవాళ్లకి దారి చూపించినట్టే.

గుళిక ఎండి మూడు చెక్కలుగా పగులుతుంది. లోపల గోధుమరంగు గింజలు దొంతరగా పేర్చి ఉంటాయి. మునగ గింజ చూశారుగా, కాగితంలాంటి మూడు రెక్కలుంటాయి. ఇక్కడ గింజ బల్లపరుపుగా ఉంటుంది, చుట్టూ పలచని రెక్క. గాలికి ఎగిరేందుకు. ఇటాలికస్ గింజకి రెక్క ఉండదు, గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. జూలైలో పరాగకోశం దగ్గర అనుమానంతో వదిలేసిన గీతని ఇక్కడ పూర్తి చేయొచ్చు. గింజని తాకకుండా, పగిలిన గుళికలో ఉన్నదాన్ని ఉన్నట్టే లెన్సుతో చూసి, రెక్కతో కలిపి వ్యాసం కొలవండి. జేబులో వేసుకోవద్దు.

ఎక్కడికి పంపాలి

హాంప్‌షైర్‌లో మొక్కల రికార్డులు చూసే వ్యక్తి ఉంటారు. బ్రిటన్, ఐర్లండ్ వృక్షశాస్త్ర సంఘం ప్రతి ప్రాంతానికీ అలా ఒకరిద్దరిని నియమిస్తుంది. హాంప్‌షైర్‌ని ఉత్తరం, దక్షిణం అని రెండు భాగాలు చేశారు, న్యూఫారెస్ట్ దక్షిణ భాగంలోకి వస్తుంది. ఖచ్చితమైన జీపీఎస్ స్థానం పంపాల్సింది వాళ్లకే. తేదీ, కొలిచిన మొక్కల సంఖ్య, ఫొటోలు, మీ పేరు కలిపి పంపండి.

సోషల్ మీడియాలో మాత్రం స్థానం పెట్టకండి. ఫోన్ ఫొటోలో జీపీఎస్ దాక్కుని ఉంటుంది. పంచుకునే ముందు దాన్ని తీసేయండి. ఐనాచురలిస్ట్ లాంటి యాప్‌లో పెడితే స్థానాన్ని ‘ఆబ్‌స్క్యూర్డ్’ చేసి, అంటే ఖచ్చితంగా తెలియకుండా మసకబార్చి పెట్టండి. అరుదైన జాతులకి చాలాచోట్ల యాప్ తనంతట తానే అలా చేస్తుంది, అయినా ఒకసారి సరిచూసుకోండి. నేనిక్కడ బ్రాకెన్‌హర్స్ట్ స్టేషన్ దగ్గర ఆపేసింది ఇందుకే. కొల్లగొట్టేవాళ్ల సంగతి అటుంచండి. మంచి మనసుతోనే వచ్చిన యాభైమంది ఒకే చోట మోకాళ్లు ఆనిస్తే ఆ ఒంటి ఆకులు వచ్చే జూన్‌కి ఉండవు.